పండబెట్టి కొలిచిన అంకె

మా ఐసీయూ మంచాలకు కాళ్ళవైపు ఒక ఇనుప పిడి ఉండేది. వంగి కుడివైపు తిప్పితే తలవైపు లేచేది, ఎడమవైపు తిప్పితే దిగేది. అప్పటికే ఊళ్ళో పెద్ద ఆసుపత్రులకు బటన్ నొక్కితే లేచే మంచాలు వచ్చాయని చెప్పుకునేవారు. మాకు రాలేదు. మాకు వచ్చినవి నడుంనొప్పులే. ముప్పై డిగ్రీలు లేపాలంటే పన్నెండు చుట్లు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టిన మనిషిని చదునుగా పడుకోబెడితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి ఎగదన్ని నిమోనియా వస్తుందని, అందరికీ తల ముప్పై డిగ్రీల ఎత్తున ఉండాలని మా వార్డు నియమం. డ్యూటీ ఎక్కగానే ప్రతి మంచం దగ్గరా వంగి పిడి సరిచూసుకోవడం నాకు బొట్టు పెట్టుకున్నంత అలవాటు.

మాది ముదలియార్‌పేట. ఎన్ని తరాల కింద ఈ తమిళ ఊరికి వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా అమ్మకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకొచ్చిందంటే నెల్లూరులో నర్సింగ్ చదివినందువల్ల. అక్కడి పిల్లలు నా మాట విని పొట్ట పట్టుకుని నవ్వేవారు, ఆ పౌరుషం మీద రాయడం, చదవడం నేర్చుకున్నాను. నన్ను ఆ నెల్లూరుకు పంపమని మా నాన్నతో నెల రోజులు వాదించినవాడు మా వీధిలోని పెదనాన్న. రక్తసంబంధం ఏమీ లేదు. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పుట్టిన పిల్లలు నిలవలేదు. పెద్ద బొజ్జ. అరుగు మీద కూర్చుని కాఫీ గ్లాసు ఆ బొజ్జ మీద నిలబెట్టి పేపరు చదివేవాడు. "ఆడపిల్ల యాడికో పోతాదని ఏడవబాకు. సదివి తిరిగొస్తాది. రేపు నీకూ నాకూ సూది ఏసేది అదే" అన్నాడట మా నాన్నతో. నేను ఉద్యోగంలో చేరాక వీధిలో వాళ్ళందరికీ నన్ను 'మా నర్సమ్మ' అని చూపించేవాడు. సిగ్గుతో చచ్చేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక రోజు పొద్దున్నే ఆయన్ని మా ఆసుపత్రికే తెచ్చారు. పిత్తాశయంలో రాయి జారి అడ్డుపడి, క్లోమం వాచిపోయింది. నొప్పికి మనిషి వంకర్లు తిరిగిపోతున్నాడు. బీపీ నిలబెట్టడానికి సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించాం. రెండో రోజుకు ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టి, మత్తులో ఉంచాం. ఎక్కించిన నీరంతా పేగుల్లోకి, పొట్టలోకి చేరి ఆ బొజ్జ బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే సొట్ట పడేది కాదు.

మూడో రోజు సర్జన్ నన్ను పక్కకు పిలిచి పని చెప్పాడు. ఈ మనిషి పొట్టలో ఒత్తిడి రోజుకు నాలుగుసార్లు కొలవాలి. కొలిచే పద్ధతి చూస్తే ఇదేం వైద్యం అనిపిస్తుంది, కానీ అంతే. మూత్రం గొట్టం గుండా మూత్రాశయంలోకి కాస్త సెలైన్ పోసి, కిందికి పోయే దారి క్లాంపుతో మూసి, గొట్టాన్ని స్కేలు పక్కన నిలువుగా పట్టుకోవాలి. తుంటి ఎముక దగ్గర సున్నా. పొట్ట ఎంత ఒత్తితే గొట్టంలో నీళ్ళు అంత పైకి ఎక్కుతాయి. ఆ సెంటీమీటర్లను గోడకు అంటించిన పట్టికలో చూసి పాదరసం లెక్కకు మార్చి చార్టులో రాయాలి. పన్నెండు దాటితే ఎక్కువ. ఇరవై దాటి, దానితోపాటు మూత్రమో ఊపిరో పడిపోతే ప్రమాదం.

"ఇరవై దాటి మూత్రం ఆగిందంటే పొట్ట తెరుస్తాను," అన్నాడు సర్జన్. "దాటకపోతే తెరవను. ఈ స్థితిలో ఊరికే తెరిస్తే నా చేత్తో నేనే చంపినట్టు. అంకె సరిగ్గా రాయి. నేను దాన్ని నమ్ముకునే ఉంటాను."

అంటే పెదనాన్న పొట్ట తెరవాలా వద్దా, ఎప్పుడు తెరవాలి అన్నది నేనూ, నాలాంటి ఇంకో ముగ్గురు నర్సులూ రాసే అంకె మీద ఉంది. ఆ మాటకు గర్వపడ్డాను కూడా. దాచడమెందుకు.

కొలిచేటప్పుడు మంచం చదునుగా ఉండాలి, రోగి వెల్లకిలా ఉండాలి. తల లేపి కొలిస్తే అంకె ఎక్కువ వస్తుంది. పొద్దున ఒకరు లేపి, సాయంత్రం ఒకరు దించి కొలిస్తే రెండింటినీ పోల్చలేం. అందుకని అందరూ దించే కొలవాలని పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు. నియమం మంచిదే. ఆ మాట ఇవాళ్టికీ అంటాను.

మొదటిసారి కొలుస్తున్నప్పుడే ఆయన భార్య, పెద్దమ్మ, లోపలికి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కర్నీ పది నిమిషాలు పంపేవాళ్ళం. చెప్పులు విడిచి, ఆకుపచ్చ గౌను తిరగేసి తొడుక్కుని వచ్చింది. మంచం చదునుగా ఉంది, తలగడ తీసేశాను, ఆయన కాళ్ళు బారజాపి ఉన్నాయి. చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంది పాపా ఇది? ఆయన్ని యాడికి పంపేదానికి ఇట్ట పండబెట్టినావు?"

"పొట్ట కొలిచేదానికి పెద్దమ్మా. అయిదు నిమిషాలే."

"కొలిచేది కొలుచుకో. మనిషిని లేపి కొలుచుకో. ఆయాసం వస్తా ఉండే మనిషిని ఎవురైనా ఇట్ట సాపుగా ఏస్తారా? మా అత్తకు ఆయాసం వచ్చినపుడు వీపు ఎనకాల తవుడు మూట పెట్టి మూడు నెలలు కూర్చోబెట్టినా. నేను కడుపుతో ఉండి కూడా లేపి కూర్చోబెట్టినా. ఎవురో వొచ్చి ఒక్క రోజు పండబెట్టినారు. ఆ రోజే పోయినాది."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. అత్తకు గుండె నీరసించి ఒళ్ళంతా నీరు పట్టింది, అలాంటి మనిషికి కూర్చోబెట్టడమే మందు. ఆమె ఏ పుస్తకం చదవకుండానే మూడు నెలలు ఒక ప్రాణాన్ని నిలబెట్టింది. పైగా మా ఇళ్ళల్లో ఇక లాభం లేదనుకున్నప్పుడు మనిషిని మంచం మీదనుంచి దించి, తలగడ లేకుండా, కాళ్ళు చాపి నేలమీద పడుకోబెడతారు. అందాకా ఎంత జబ్బు మనిషినైనా గోడకో, మూటకో, మనిషి ఒడికో ఆనించే ఉంచుతారు. చదునుగా ఉన్న ఆ మంచంలో ఆమెకు కనిపించింది నేల.

నేను పని ముగించి పన్నెండు చుట్లు తిప్పాను. "ఇది లేపినట్టా?" అంది. ఇంకో నాలుగు తిప్పాను. "ఇంకొంజం," అంది. ఇరవై చుట్లు తిప్పేసరికి పెదనాన్న పడకకుర్చీలో ఉన్నట్టు కూర్చున్నాడు. బొజ్జ మడతపడి తొడల మీదికి వచ్చింది. పెద్దమ్మ ఆయన చెంపమీద చెయ్యేసి, "ఆ. ఇపుడు మనిషి మాదిరి ఉండాడు," అంది. నాకూ చూడ్డానికి బాగానే అనిపించింది. ఊపిరి కోసం లేపుతున్నాం, కాస్త ఎక్కువ లేపితే కాస్త ఎక్కువ మంచిదేలే అనుకున్నాను. ముప్పై అని రాస్తే ముప్పై ఎందుకన్నారో అడిగే బుద్ధి నాకు ఆనాడు లేదు.

ఆమె వెళ్ళాక దించాల్సింది. దించలేదు. మర్నాడు పొద్దున ఆమె తలుపు అద్దంలోంచి తొంగిచూసి, ఆయన కూర్చునే ఉండడం చూసి, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తరువాత డ్యూటీ మారేటప్పుడు, "ఆ మంచం దించితే ఆ పెద్దావిడ వార్డు పీకి పందిరేస్తుంది, ఇరవై చుట్ల దగ్గరే ఉంచండి," అని నేనే మిగతా ముగ్గురికీ అప్పజెప్పాను. కొలిచేటప్పుడు దించడం, కొలిచి మళ్ళీ ఇరవై చుట్లు లేపడం. రెండు రోజుల్లో అదే మా పద్ధతైపోయింది.

చార్టులో అంకెలు బుద్ధిగా నడిచాయి. పదిహేను, పదహారు, పదహారు, పదిహేడు. మూత్రం మాత్రం పడిపోతూ వచ్చింది. గంటకు నలభై మిల్లీలీటర్లు ఉన్నది ఇరవై అయింది, పది అయింది. సర్జన్ పొద్దునా సాయంత్రమూ మంచం కాళ్ళ దగ్గర నిలబడి చార్టు చదివేవాడు. "ఒత్తిడి పదహారేగా. మూత్రపిండాలకు వేరే ఏదో దెబ్బ తగిలింది," అని మందులు మార్చాడు. కిడ్నీ డాక్టరును పిలిపించాడు. డయాలసిస్ మాట వచ్చింది. అందరూ చార్టు మీద వాలిపోయి మాట్లాడుకునేవారు. ఆ చార్టుకు మూడడుగుల దూరంలో మనిషి నడుం దగ్గర మడతపడి కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ సర్జన్ మీద నాకు కోపం పోలేదు. ఒక్కసారి కాగితం మీంచి తల ఎత్తి చూడొచ్చు కదా. నా మీద కోపం గురించి చెప్పనక్కర్లేదు.

అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పెద్దమ్మ అమ్మవారి గుడి విభూతి పట్టుకుని వచ్చింది. అది ఇంట్లోవాళ్ళను పంపే వేళ కాదు. మా పెద్దమ్మే కదా అని నేనే లోపలికి రానిచ్చాను. ఆయన నుదుట విభూతి పెట్టి, పాదాలు పట్టుకుని కూర్చుంది. నేను కొలిచే వేళ అయింది. ఆమె ఎదురుగా మంచం దించాలంటే నాకు నోరు రాలేదు. అడకత్తెరలో పోకచెక్క మాదిరి అయింది నా పని. సరేలే అని, ఆయన కూర్చుని ఉండగానే సెలైన్ పోసి గొట్టం ఎత్తి పట్టుకున్నాను.

నీళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి. లెక్క మార్చి చూస్తే పాతిక.

వెంటనే నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తల లేపి కొలిచావు కాబట్టి వచ్చింది, ఇది తప్పు అంకె. నీళ్ళు వదిలేశాను. పెద్దమ్మను మెల్లగా బయటికి పంపి, మంచం దించి, మళ్ళీ కొలిచాను. పదిహేడు. హమ్మయ్య అనుకుని పదిహేడు రాసి, మంచం ఇరవై చుట్లు లేపి, అన్నానికి వెళ్ళాను. ఆ రోజు క్యారియర్‌లో అమ్మ పులుసన్నం పెట్టింది. బాగుందని కూడా అనుకున్నాను.

తప్పు అంకె అనుకుని నేను పారబోసిందే ఆయన పొట్టలోని అసలు సంగతి. రోజులో నాలుగుసార్లు, తడవకు అయిదేసి నిమిషాలు, అంటే మొత్తం ఇరవై నిమిషాలు ఆయన పడుకునేవాడు. మిగతా ఇరవైమూడు గంటల నలభై నిమిషాలూ కూర్చునే ఉండేవాడు. మేము రాసిందంతా ఆ ఇరవై నిమిషాల పొట్టని. పాతిక ఒత్తిడి కింద ఆయన మూత్రపిండాలు రోజంతా నలుగుతుంటే, చార్టులో మాత్రం ఆయన హాయిగా పడుకుని ఉన్నాడు. నియమం తప్పకుండా, ఒక్క అబద్ధపు అంకె రాయకుండా, నలుగురు నర్సులం కలిసి ఒక పెద్ద అబద్ధం రాశాం.

అన్నాళ్ళూ కూర్చోబెట్టే పైపైన తుడిచాం; ఆరో రోజు పొద్దున పూర్తిగా ఒళ్ళు తుడవడానికి మంచం దించాం. వీపు కమిలి ఉంది. పొడరు వేసి, దుప్పట్లు మార్చి, అటూ ఇటూ తిప్పేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఆయన చదునుగానే ఉన్నాడు. అంతకుముందు గంటంతా మూత్రం గొట్టంలో టీ రంగు మరక తప్ప ఏమీ లేదు. దుప్పటి దోపుతూ చూస్తే గొట్టంలో చుక్కలు కదులుతున్నాయి. సంచిలోకి దిగుతున్నాయి. నేను వంగి చూస్తూ అలాగే ఉండిపోయాను. అప్పుడు నిన్నటి పాతిక గుర్తుకొచ్చింది.

సర్జన్ పదింటికి వచ్చాడు. చెప్పాను. పడుకోబెడితే మూత్రం వస్తోంది, లేపితే ఆగిపోతోంది అని. ఆయన మొదట నమ్మలేదు, నన్ను ఎగాదిగా చూశాడు. తన కళ్ళెదుటే రెండు రకాలుగా కొలవమన్నాడు. దించి కొలిస్తే పద్దెనిమిది. ఇరవై చుట్లు లేపి కొలిస్తే ఇరవయ్యారు. ఆయన రెండు అంకెలూ చార్టు అంచున పక్కపక్కన రాసుకున్నాడు.

"ఇంత ఎత్తు ఎవరు లేపమన్నారు?"

నేను వంగి క్లాంపు తీశాను.

"ఇంతకుముందు ఎప్పుడైనా లేపి కొలిచారా? ఇలాంటి అంకె చూశారా?"

"లేదు సార్," అన్నాను.

పదేళ్ళ సర్వీసులో ఆయనతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మంచం చదును చేయించాడు. తల ఎత్తుగా ఉండాలి, పొట్ట మడతపడకూడదు. దానికి ఏం చేశారనుకున్నారు? స్టోర్ రూములోంచి రెండు చెక్క దిమ్మెలు తెప్పించి తలవైపు మంచం కాళ్ళ కింద పెట్టించాడు. మంచం మొత్తం వాలుగా నిలబడింది. తల పైన, కాళ్ళు కింద, మనిషి మాత్రం చక్కగా బారుగా. ఆ దిమ్మెలు ఎన్నేళ్ళుగా దుమ్ము కొట్టుకుని అక్కడే ఉన్నాయి. సాయంత్రం పెద్దమ్మ వచ్చి చూసి, తల ఎత్తునే ఉంది కదా అని ఒక్క మాట కూడా అనలేదు. మూడో రోజే ఆ రెండు దిమ్మెలు పెట్టి ఉంటే ఆమెకూ సరిపోయేది, ఆయనకూ సరిపోయేది. ఆమెను సముదాయించడానికి నాకు తోచింది మాత్రం ఆ పిడి తిప్పడం ఒక్కటే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ పగలంతా కలిపి నూరు మిల్లీలీటర్లు వచ్చింది. నేను సంచి పట్టుకుని దేవుణ్ణి చూసినట్టు చూశాను. ఏడో రోజు పొద్దున మళ్ళీ ఆగిపోయింది. ఈసారి చదునుగా కొలిస్తేనే ఇరవైరెండు. తీసుకెళ్ళి తెరిచారు. పేగులు బయటికి ఉబికి వచ్చాయి, ఒక మూర మేర నల్లబడి ఉంది. దాన్ని కోసి తీసేసి, పొట్ట మళ్ళీ మూస్తే ఒత్తిడి వస్తుందని మూయలేదు. సెలైన్ సంచిని కత్తిరించి, ఆ ప్లాస్టిక్‌నే చర్మానికి చుట్టూ కుట్టేశారు. దాని కింద పేగులు కదలడం కనిపించేది. నేను దుప్పటి గడ్డందాకా కప్పి గాని పెద్దమ్మను లోపలికి రానివ్వలేదు. తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి ఆయన పోయాడు.

గొట్టాలు తీసింది నేనే. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. సర్జన్ చేతులు కడుక్కుంటూ, "ఇంకో రోజు ముందు తెలిసి ఉంటే..." అన్నాడు. మళ్ళీ తనే, "ఏమో, ఆ క్లోమం చూస్తే ముందు తెలిసినా ఏమయ్యేదో," అన్నాడు. ఆ రెండో మాటను నేను చాలాసార్లు పట్టుకుని వేలాడాలని చూశాను. అది నిజమే కావచ్చు. తల లేపినప్పుడు పెరిగిన ఒత్తిడిలో కొంత ఉత్త నీళ్ళ బరువేనని, అంతా మూత్రపిండాల మీద పడదని తరువాత చదువుకున్నాను కూడా. కానీ ఆ ఒక్క రోజు నా దగ్గర ఉండింది. దాన్ని నేనే మూత్రం గొట్టంలోంచి వదిలేసి అన్నానికి వెళ్ళాను.

ఆ తరువాత నేను పనిచేసిన ప్రతి వార్డులోనూ అంకె పక్కన మంచం ఎత్తు రాయమని పోరేదాన్ని. కొలిచినప్పటి ఎత్తు, మిగతా రోజంతా ఉంచిన ఎత్తు, రెండూ. కొత్తగా చేరిన నర్సులకు నేనంటే హడలు. ఈమెకు పిడి పిచ్చి అని వెనకాల నవ్వుకునేవారు. నవ్వనీ. ఎందుకో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.

పదహారో రోజు పెద్దకర్మకు అమ్మా నేనూ వెళ్ళాం. ఇంటినిండా ఆడవాళ్ళు. వెనక వరండాలో ఆకులు వేశారు. నేను ఒక మూల కూర్చోబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అందరి మధ్యా కూర్చోబెట్టింది. మనిషి సగమైపోయింది, గొంతు మాత్రం అలాగే ఉంది.

"ఈ బిడ్డే," అంది అందరితో. "ఆ ఆస్పత్రిలో అంత మంది ఉండారు, ఎవురన్నా నా మాట ఇన్యారా? మా పాప ఒక్కతే ఇనింది. నేను ఎంత ఎత్తు లేపమంటే అంత ఎత్తు లేపింది. మిగిలినోళ్ళకు కూడా చెప్పి పెట్టింది. ఆయన్ని పండబెట్టనీలేదు. అదే లేకపోతే మూడో రోజే పోయి ఉండు. మీ ఇండ్లల్లో ఎవురికన్నా జబ్బు చేస్తే గెట్టిగా అడగండి. కూర్చోబెట్టండి, పండబెట్టొద్దండి అని అడగండి."

ఆడవాళ్ళు నావైపు చూసి తలలు ఊపారు. ఒకామె నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. పక్కన మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, ఏడుపు సగం, గర్వం సగం. నోరు తెరిస్తే చెప్పేసేదాన్ని. అలా అడగొద్దండి, నేనే దానికి సాక్షిని అని ఆ ఆడవాళ్ళకైనా చెప్పాల్సింది. చెబితే ఆ ముసలామెకు మిగిలిన ఒక్క ఊరటా పోయి, ఆ స్థానంలో 'నా భర్తకు నేనే అడిగి మరీ అలా చేయించాను' అన్న మాట ఆమెకు మిగులుతుంది. అది నేను చెప్పుకున్న కారణం. భయం అసలు కారణం.

పెద్దమ్మ నా ఆకులో వడ వేసి, పాయసం పోసింది. తినేదాకా ఎదురుగా కూర్చుంది.

"ఇంకొంజం పెట్టించుకో పాపా," అంది.

పెట్టించుకున్నాను.